పెద్దల ఇంగ్లీషు, సివిక్స్ తరగతులకు అమెరికాలో ఏ గ్రాంటుకి దరఖాస్తు పెట్టాలి?

పిల్లల దగ్గరికి వచ్చి గ్రీన్ కార్డు తీసుకున్న తల్లిదండ్రులకి ఇంగ్లీషు నేర్పాలని, సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూకి సిద్ధం చెయ్యాలని అమెరికాలో చాలా తెలుగు సంఘాలు, గుడులు అనుకుంటున్నాయి. గది దొరుకుతుంది, వాలంటీర్లు దొరుకుతారు. రెండో ఏడాదికి డబ్బు ప్రశ్న వస్తుంది. అప్పుడు ఎక్కువమంది చేసే పని, ఏ గ్రాంటులో ఎక్కువ మొత్తం ఉందో చూసి దానికి దరఖాస్తు రాయడం. అది తలకిందుల పద్ధతి. మీ తరగతిలో ఎవరు కూర్చుంటారో ముందు కాగితం మీద రాసుకోండి: వయసు, చదువు, వీసా, ఉద్యోగం కావాలా వద్దా, ఏడాదిలో ఎన్ని నెలలు అమెరికాలో ఉంటారు. ఆ కాగితాన్ని బట్టే గ్రాంటు ఎంచుకోవాలి. ఒక్కో నిధి ఒక్కో ఫలితాన్ని లెక్కపెడుతుంది. ఆ ఫలితం మీ విద్యార్థులకి అక్కర్లేనిదైతే, డబ్బు వచ్చినా ఏడాది తిరిగేసరికి మీ నివేదికలు బలహీనంగా కనిపిస్తాయి.

ఏ ప్రభుత్వ డబ్బుకైనా ముందే తెలుసుకోవలసిన విషయం ఇంకొకటి ఉంది. తరగతి తెలుగువాళ్లకి మాత్రమే అని పెట్టడం కుదరదు. జాతి, పుట్టిన దేశం ఆధారంగా ఎవరినీ ఆపకూడదన్న పౌరహక్కుల చట్టం సమాఖ్య నిధులు తీసుకునే ప్రతి సంస్థకీ వర్తిస్తుంది. తెలుగు వచ్చిన సహాయకురాలిని పెట్టుకోవచ్చు, తెలుగులో కరపత్రాలు వేసుకోవచ్చు. కానీ మెక్సికో నుంచో ఈజిప్టు నుంచో వచ్చిన పొరుగువాళ్లకీ తలుపు తెరిచే ఉండాలి. గుడి ప్రాంగణంలో తరగతి పెడితే పూజా సమయానికీ పాఠానికీ, హుండీ ఖాతాకీ గ్రాంటు ఖాతాకీ మధ్య స్పష్టమైన గీత ఉండాలి.

సెక్షన్ 231: అసలైన వయోజన విద్యా నిధి

2014 జూలై 22న చట్టమైన వర్క్‌ఫోర్స్ ఇన్నోవేషన్ అండ్ ఆపర్చునిటీ యాక్ట్‌ని అందరూ వయోవా అంటారు. అందులో రెండో భాగం వయోజన విద్యది. సమాఖ్య ప్రభుత్వం ఈ డబ్బుని రాష్ట్రాలకి ఇస్తుంది, రాష్ట్రాలు అందులో కనీసం 82.5 శాతాన్ని సెక్షన్ 231 కింద స్థానిక సంస్థలకి పోటీ పద్ధతిలో పంచుతాయి. కాబట్టి మీరు దరఖాస్తు పెట్టేది వాషింగ్టన్‌కి కాదు, మీ రాష్ట్ర కార్యాలయానికి. అది ఒక్కో రాష్ట్రంలో ఒక్కో చోట ఉంటుంది. టెక్సస్‌లో వర్క్‌ఫోర్స్ కమిషన్, కాలిఫోర్నియాలో విద్యాశాఖ, న్యూజెర్సీలో కార్మిక శాఖ, ఇల్లినాయ్‌లో కమ్యూనిటీ కాలేజీ బోర్డు, జార్జియాలో టెక్నికల్ కాలేజ్ సిస్టమ్ చూస్తాయి.

ఎవరు చేరవచ్చు? 16 ఏళ్లు నిండి, హైస్కూల్లో లేనివాళ్లు. అందులోనూ హైస్కూల్ డిప్లొమా లేకపోవడం, ప్రాథమిక నైపుణ్యాలు తక్కువగా ఉండటం, ఇంగ్లీషు నేర్చుకుంటూ ఉండటం, ఈ మూడిట్లో ఒక్కటైనా ఉండాలి. హైదరాబాద్‌లో ఎంఎస్సీ చేసినా ఇంగ్లీషు నేర్చుకునేవారైతే అర్హులే.

231 డబ్బుతో సివిక్స్ చెప్పవచ్చన్న సంగతి చాలామందికి తెలియదు. ఇంగ్లీషు, సివిక్స్ కలిపి చెప్పడం చట్టంలో రెండు చోట్ల వస్తుంది. ఒకటి 231 కింద అనుమతించిన బోధనా కార్యకలాపం. రెండోది 243 కింద ప్రత్యేక కార్యక్రమం. పేరు దాదాపు ఒకటే. కానీ 231 కింద నడిపితే ఉద్యోగ శిక్షణ జోడించాలన్న నిబంధన లేదు, 243లో ఉంది. పెద్దవయసు విద్యార్థులున్న సంస్థలకి ఈ ఒక్క తేడానే నిర్ణయాత్మకం. రాష్ట్రం ప్రకటన చదివేటప్పుడు "ఇంటిగ్రేటెడ్ ఇంగ్లిష్ లిటరసీ అండ్ సివిక్స్" అన్న మాట కనబడగానే 243 అనుకోకండి. పక్కన ఏ సెక్షన్ నంబరు ఉందో చూడండి.

సెక్షన్ 243: ఉద్యోగం కోసం ఇంగ్లీషు

ఈ కార్యక్రమానికి రెండు లక్ష్యాలు చట్టంలోనే ఉన్నాయి. ఇంగ్లీషు నేర్చుకునే పెద్దలని స్థానికంగా గిరాకీ ఉన్న రంగాల్లో, సబ్సిడీ లేని ఉద్యోగాలకి తయారుచేసి చేర్చడం ఒకటి. స్థానిక వర్క్‌ఫోర్స్ వ్యవస్థతో (ఉద్యోగ శిక్షణ, నియామకాలు చూసే ప్రభుత్వ యంత్రాంగంతో) కలిసి పనిచెయ్యడం రెండోది. ఇంగ్లీషు, పౌర హక్కులు, బాధ్యతలతో పాటు వృత్తి శిక్షణని కూడా అందుబాటులో ఉంచాలి. దీన్నే ఐఈటీ (ఇంటిగ్రేటెడ్ ఎడ్యుకేషన్ అండ్ ట్రైనింగ్) అంటారు. దానికి మూడు భాగాలు: వయోజన విద్య, పనికి సిద్ధం చేసే నైపుణ్యాలు, ఒక నిర్దిష్ట వృత్తిలో శిక్షణ. మూడూ ఒకే కాలంలో, ఒకే అభ్యాస లక్ష్యాల పట్టికతో నడవాలి. సోమవారం ఇంగ్లీషు చెప్పి, ఆరు నెలల తర్వాత ఫార్మసీ టెక్నీషియన్ కోర్సుకి పంపితే అది ఐఈటీ అవదు. ఫార్మసీ టెక్నీషియన్ కోర్సులో వచ్చే మోతాదుల లెక్కలు, లేబుల్ పదాలు అదే వారం ఇంగ్లీషు పాఠంలో రావాలి. ప్రతి విద్యార్థీ శిక్షణలో చేరనక్కర్లేదు కానీ కావాలన్నవాళ్లకి ఆ దారి నిజంగా ఉండాలి.

243 చట్టం తమ దేశంలో డిగ్రీలు, వృత్తి అర్హతలు సంపాదించుకున్నవాళ్లని కూడా పేరుపెట్టి చేర్చింది. విజయవాడలో ఫార్మసీ చదివి, పదేళ్లు ఇంట్లో ఉండిపోయి, ఇప్పుడు గ్రీన్ కార్డు వచ్చి పని వెతుక్కుంటున్న ఆవిడకి ఇది సరిగ్గా సరిపోతుంది. అయితే ఒక చిక్కు ఉంది. ఇంగ్లీషు మీడియంలో డిగ్రీ చేసినవాళ్లు ప్రవేశ పరీక్షలోనే పై స్థాయిని దాటిపోవచ్చు. జాతీయ నివేదన వ్యవస్థలో ఇంగ్లీషు నేర్చుకునేవాళ్లకి ఆరు స్థాయిలున్నాయి. ఆరోది దాటి ఉన్నవాళ్లలో మీరు పురోగతి చూపించలేరు. దరఖాస్తు రాసేముందు, చేరతామన్న వాళ్లలో కనీసం ఇరవై మందికి స్థాయి అంచనా పరీక్ష పెట్టి చూడండి. సగంమంది పైన తేలితే మీకు కావలసింది 243 కాదు. కమ్యూనిటీ కాలేజీతో కలిసి వృత్తి లైసెన్సు సలహా కార్యక్రమం పెట్టుకోవడం మేలు.

శిక్షణ ఇచ్చే సంస్థతో ఒప్పందం లేకుండా 243కి వెళ్లకండి. "కాలేజీతో మాట్లాడుతున్నాం" అన్న వాక్యానికి మార్కులు రావు. కోర్సు పేరు, గంటలు, చివర్లో వచ్చే సర్టిఫికెట్, సీట్లు, ఫీజు ఎవరు కడతారు అన్నవి సంతకం చేసిన కాగితం మీద ఉండాలి.

ఈ రెండిట్లోనూ ఫలితం ఎలా కొలుస్తారు

ఎంపిక తేలేది ఇక్కడే. వయోవా కింద మీ కార్యక్రమాన్ని కొలిచే సూచికల్లో ప్రధానమైనవి: కార్యక్రమం నుంచి బయటికి వెళ్లాక రెండో త్రైమాసికంలో ఉద్యోగం, నాలుగో త్రైమాసికంలో ఉద్యోగం, మధ్యస్థ వేతనం, సర్టిఫికెట్, చదువులో కొలవగలిగే పురోగతి. 12 గంటలు, అంతకు మించి హాజరైన ప్రతి ఒక్కరూ లెక్కలోకి వస్తారు. 68 ఏళ్ల పెద్దాయన ఉద్యోగం వెతుక్కోవడం లేదు కాబట్టి ఉద్యోగ సూచికలోంచి తీసెయ్యండి అంటే కుదరదు. ఆయన లేనట్టు కాదు, ఉద్యోగం రానట్టు నమోదవుతారు. తరగతి నిండా మనవళ్లని చూసుకునే అమ్మమ్మలు, తాతయ్యలే ఉంటే పురోగతి సూచిక ఒక్కటే మిమ్మల్ని నిలబెట్టాలి.

ఆ పురోగతి చూపించడానికి ముందు, తర్వాత గుర్తింపు పొందిన పరీక్ష పెట్టాలి. కాసాస్, బెస్ట్ ప్లస్, టేబ్ క్లాస్-ఇ లాంటివి. మీ రాష్ట్రం ఏది ఒప్పుకుంటుందో ముందు చూడండి. కాసాస్ రెండో పరీక్షకి కనీసం 40 గంటల బోధన అడుగుతుంది, 70 నుంచి 100 గంటల తర్వాత పెట్టమని సిఫారసు చేస్తుంది. బెస్ట్ ప్లస్ మౌఖిక పరీక్ష. తెలుగు మీడియంలో అయిదో తరగతితో చదువు ఆపేసిన పెద్దవాళ్లకి ఇది కాస్త న్యాయం చేస్తుంది. రాత వచ్చేలోపే మాట వస్తుంది కదా. దేనికైనా పరీక్ష పెట్టేవాళ్లు శిక్షణ పొంది ఉండాలి, వాలంటీర్లు అప్పటికప్పుడు పెట్టడానికి లేదు.

మన పెద్దవాళ్ల విషయంలో ప్రత్యేకంగా జరిగే నష్టం ఇంకొకటి ఉంది. వరసగా 90 రోజులు సేవ అందకపోతే విద్యార్థి బయటికి వెళ్లినట్టు నమోదవుతుంది. డిసెంబరులో ఇండియా వెళ్లి, సంక్రాంతి చూసుకుని, ఉగాది అయ్యాక తిరిగివచ్చే తల్లిదండ్రులు ఈ గీత దాటేస్తారు. అదే కార్యక్రమ సంవత్సరంలో (జూలై నుంచి జూన్ దాకా) మళ్లీ చేరితే కొత్త భాగస్వామ్య కాలం మొదలవుతుంది. అంటే అదే మనిషి పురోగతి లెక్కలో రెండోసారి వస్తారు, మొదటిసారి రెండో పరీక్ష రాయకుండా వెళ్లిపోతే అది వైఫల్యంగా మిగులుతుంది. దీనికి మార్గం సెషన్లని ప్రయాణాలకి తగ్గట్టు కట్టుకోవడం. వారానికి 6 గంటల చొప్పున 12 వారాలు నడిపితే 72 గంటలవుతాయి. సెప్టెంబరు మొదటి వారంలో మొదలుపెడితే నవంబరు ఆఖరుకి పూర్తవుతుంది, విమానం ఎక్కేలోపు రెండో పరీక్ష అయిపోతుంది. ఎప్పుడు పడితే అప్పుడు చేర్చుకునే పద్ధతి కంటే సెషన్ మొదట్లోనే చేర్చుకోవడం ఇలాంటి తరగతులకి ఎంతో మేలు. దరఖాస్తులో ఈ కారణాన్నే రాయండి. తమ విద్యార్థుల సంగతి తెలిసినవాళ్లు రాశారని చదివేవాళ్లకి అర్థమవుతుంది.

(గ్రీన్ కార్డు ఉన్నవాళ్లు ఆరు నెలలు దాటి బయట ఉంటే సిటిజన్‌షిప్‌కి కావలసిన నిరంతర నివాసం తెగిందన్న అనుమానం వస్తుంది. సివిక్స్ మొదటి వారంలోనే ఇది చెప్పాలి.)

యూఎస్‌సీఐఎస్ సిటిజన్‌షిప్ గ్రాంటు

పైపైన చూస్తే తెలుగు తల్లిదండ్రుల తరగతికి అచ్చంగా సరిపోయేది ఇదే. 2009లో మొదలైన ఈ గ్రాంటుని సమాఖ్య వలస సేవల సంస్థ యూఎస్‌సీఐఎస్ సాధారణంగా రెండేళ్లకి ఇచ్చేది. పౌరసత్వ బోధన, ఎన్-400 (సిటిజన్‌షిప్ దరఖాస్తు ఫారం) నింపడంలో సహాయం రెండూ ఒకే సంస్థ ఇవ్వాల్సి ఉండేది, సేవలు గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకి మాత్రమే. ఉద్యోగం వచ్చిందా అని అడిగేవారు కాదు. ఎంతమందికి పాఠం చెప్పారు, ఎంతమంది దరఖాస్తు పెట్టారు అని చూసేవారు.

కానీ 2025లో ఈ గ్రాంట్లకి డబ్బు ఆపేశారు, తర్వాత నడుస్తున్న గ్రాంట్లని కూడా రద్దు చేశారు. జీతాలు ఇస్తామని మాట ఇచ్చిన సంస్థలు మధ్యలో ఆగిపోయాయి. కొత్త ప్రకటన వచ్చిందేమో గ్రాంట్స్ డాట్ గవ్‌లో చూస్తూ ఉండండి, వస్తే పరిశీలించండి. దీన్ని ఏకైక ఆధారంగా పెట్టుకుని బడ్జెట్ వేసుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పాలి.

దీనికోసం కట్టుకునే బలం ఒకటుంది, అది ఎక్కడైనా పనికొస్తుంది: న్యాయసహాయం చేసే అర్హత. ఎన్-400లో ఏ ప్రశ్నకి ఏం రాయాలో సలహా ఇవ్వడం న్యాయవాద వృత్తి కిందికి వస్తుంది. న్యాయవాది గానీ, న్యాయశాఖ గుర్తించిన సంస్థలో అక్రెడిటేషన్ ఉన్న ప్రతినిధి గానీ చెయ్యాలి. సంస్థ గుర్తింపుకి ఈఓఐఆర్-31, ప్రతినిధికి ఈఓఐఆర్-31ఏ ఫారాలు పెట్టాలి. పాత అరెస్టు, పన్ను బకాయి, పొడుగాటి విదేశీ ప్రయాణం ఉన్న మనిషి ఫారాన్ని మంచి మనసుతో వాలంటీరు నింపితే ఆ కుటుంబమే ప్రమాదంలో పడవచ్చు. వయోవా డబ్బు బోధనకి. ఫారాలు నింపే సేవ దానిమీద వెయ్యకండి.

రాష్ట్ర, స్థానిక, ప్రైవేటు నిధులు

కొన్ని రాష్ట్రాలు సిటిజన్‌షిప్ సేవలకి సొంత డబ్బు ఇస్తాయి. న్యూయార్క్‌లో ఆఫీస్ ఫర్ న్యూ అమెరికన్స్, కాలిఫోర్నియాలో సోషల్ సర్వీసెస్ శాఖ ఇచ్చే ఇమిగ్రేషన్ సేవల నిధి, మసాచుసెట్స్‌లో సిటిజన్‌షిప్ ఫర్ న్యూ అమెరికన్స్ కార్యక్రమం ఇలాంటివే. వీటిలో ఉద్యోగ సూచికలు ఉండవు. పెద్దవాళ్ల తరగతి, న్యాయసహాయం రెండూ ఉన్న సంస్థలకి ఇవి నప్పుతాయి.

ప్రైవేటు వైపు డాలర్ జనరల్ లిటరసీ ఫౌండేషన్ వయోజన అక్షరాస్యత గ్రాంటు చిన్న సంస్థలకి మంచి మొదటి మెట్టు. మొత్తం చిన్నదే, దరఖాస్తు ఏటా శీతాకాలంలో తెరుస్తారు, మీ చోటు ఆ కంపెనీ దుకాణానికి నిర్ణీత దూరంలో ఉండాలి. పుస్తకాల కోసమైతే ప్రోలిటరసీ నడిపే నేషనల్ బుక్ ఫండ్ ఉంది. మీ జిల్లా కమ్యూనిటీ ఫౌండేషన్‌ని, పబ్లిక్ లైబ్రరీని వదలకండి. లైబ్రరీ డబ్బు ఇవ్వకపోయినా గది, ఇంటర్నెట్, వాలంటీర్ల శిక్షణ ఇస్తుంది. ఆ విలువ తర్వాత పెద్ద దరఖాస్తులో స్థానిక సహకారం కింద చూపించుకోవచ్చు.

చిన్న నిధికి దరఖాస్తు పెట్టేటప్పుడు కూడా పెద్ద నిధి అడిగే లెక్కలే మొదలుపెట్టండి: ముందు పరీక్ష, తర్వాత పరీక్ష, సంతకంతో హాజరు పట్టిక, గంటల మొత్తం. మూడేళ్ల తర్వాత వయోవాకి వెళ్లినప్పుడు మిమ్మల్ని పోటీలో నిలబెట్టేది ఈ కాగితాలే.

సొంతంగా పెట్టాలా, భాగస్వామిగా చేరాలా

వయోవా దరఖాస్తుకి మొదటి గడప, గతంలో ఫలితాలు చూపించగలగడం. చదవడం, రాయడం, లెక్కలు, ఇంగ్లీషు, వీటిలో మీరు ఇంతకు ముందు పెద్దలని ఎంత ముందుకి తీసుకెళ్లారో అంకెలతో చూపించాలి. ఉద్యోగం, డిప్లొమా, పై చదువుల ఫలితాలు కూడా అడుగుతారు. ఇంతకు ముందు ఈ నిధి తీసుకోని సంస్థలు వేరే నిధులతో నడిపిన కార్యక్రమం అంకెలు చూపించుకోవచ్చు. అవి లేకపోతే దరఖాస్తు మార్కుల దాకా కూడా వెళ్లదు, గడప దగ్గరే ఆగిపోతుంది. "300 మంది హాజరయ్యారు, అందరూ సంతోషించారు" అన్నది ఫలితం కాదు. "రెండు పరీక్షలూ రాసిన 42 మందిలో 25 మంది ఒక స్థాయి పెరిగారు" అన్నది ఫలితం. (ఈ అంకెలు రాసే తీరు చూపించడానికే.)

అందుకే మా సలహా స్పష్టంగా ఉంది. మూడేళ్ల పరీక్ష ఫలితాలు లేని సంస్థ సొంతంగా పెట్టకుండా, ఇప్పటికే గ్రాంటు ఉన్న కమ్యూనిటీ కాలేజీ, పాఠశాల జిల్లా, లేదా కన్సార్టియంలో భాగస్వామిగా చేరాలి. టెక్సస్, న్యూజెర్సీల్లో డబ్బు ఎక్కువగా ఇలాంటి కూటముల ద్వారానే నడుస్తుంది. మీరు తెచ్చేవి వాళ్ల దగ్గర లేనివి: విద్యార్థులు, భాష, నమ్మకం, వారాంతంలో గది. వాళ్లు తెచ్చేవి మీ దగ్గర లేనివి: పరీక్ష లైసెన్సు, డేటా వ్యవస్థ, ఆడిట్, నగదు. ఒప్పందంలో మూడు విషయాలు మర్చిపోకండి. మీ చోట చదివిన విద్యార్థుల ఫలితాలు మీకు విడిగా ఇవ్వాలి, లేకపోతే మూడేళ్ల తర్వాత కూడా మీకంటూ చూపించుకోవడానికి ఏమీ ఉండదు. బిల్లు పెట్టాక ఎన్ని రోజుల్లో డబ్బు ఇస్తారో ఉండాలి. టీచర్ని ఎవరు నియమిస్తారో ఉండాలి.

బడ్జెట్: ఎక్కువమంది తప్పుచేసేది ఇక్కడే

వయోవాలో స్థానిక సంస్థ 95 శాతం బోధనకి వాడాలి. పరిపాలన, ప్రణాళిక, టీచర్ల శిక్షణ లాంటివన్నీ 5 శాతంలో ఇమడాలి. మరీ ఇరుకైతే రాష్ట్రంతో మాట్లాడి కాస్త పెంచుకోవచ్చు, ముందే రాతపూర్వకంగా. అమెరికన్ జాబ్ సెంటర్ (వర్క్‌ఫోర్స్ వ్యవస్థ నడిపే ఉద్యోగ సహాయ కేంద్రం) నిర్వహణకి మీరు ఇవ్వాల్సిన వాటా కూడా ఈ పరిపాలన సొమ్ములోంచే పోతుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. రెండు తరగతులు, ఒక్కోటీ వారానికి 6 గంటలు, 36 వారాలు: 432 బోధన గంటలు. తయారీకి దానిలో నాలుగో వంతు, 108. మొత్తం 540 గంటలు. గంటకి 35 డాలర్లనుకుంటే 18,900. తరగతిలో బోధనకి సాయం చేసే సహాయకురాలికి వారానికి 10 గంటలు, 40 వారాలు, గంటకి 25 చొప్పున 10,000. ఈ రెండిటి మీద యజమాని కట్టే సోషల్ సెక్యూరిటీ, మెడికేర్ పన్ను 7.65 శాతం, సుమారు 2,211. పుస్తకాలకి, పరీక్షలకి 3,000. అంతా కలిపి 34,111. ఇది 95 శాతమైతే మొత్తం గ్రాంటు 35,906, పరిపాలనకి మిగిలేది 1,795 డాలర్లు. అకౌంటెంటు, బీమా, ఫలితాల డేటా పని, జాబ్ సెంటర్ వాటా, ఏడాదికి 1,795లో సర్దుకోగలరా? చిన్న సంస్థ సర్దలేదు. భాగస్వామిగా చేరమనడానికి ఇది రెండో కారణం.

పరోక్ష ఖర్చుల (అద్దె, కరెంటు, ఆఫీసు లాంటి ఉమ్మడి ఖర్చుల) శాతం దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. సమాఖ్య గ్రాంట్లలో ప్రభుత్వంతో చర్చించి ఖాయం చేసుకున్న రేటు లేని సంస్థలకి 2024 అక్టోబరు 1 నుంచి 15 శాతం దాకా తీసుకునే వీలుంది. అది చూసి వయోవా బడ్జెట్‌లో 15 రాసేస్తారు. ఈ నిధి పాత ఖర్చుల స్థానంలో కాకుండా వాటికి అదనంగానే వాడాలన్న నిబంధన ఉన్నది కాబట్టి ఇక్కడ పరిమిత రేటు వర్తిస్తుంది. విడిగా రేటు లేని సంస్థకి సాధారణంగా 8 శాతమే పరిమితి, అదీ పైన చెప్పిన 5 శాతం పరిపాలన గీతకి లోబడి.

నగదు సంగతి. చాలా రాష్ట్రాలు మీరు ఖర్చు పెట్టాక బిల్లు చూసి ఇస్తాయి. 2025 జూలై 1న రావలసిన వయోజన విద్య నిధుల్ని సమాఖ్య ప్రభుత్వం ఆపింది, ఆ నెలాఖరులో విడుదల చేసింది. అన్నాళ్లూ జీతాలు ఎవరి జేబులోంచి వెళ్లాలి? కనీసం మూడు నెలల జీతాలు చేతిలో లేకుండా సంతకం చెయ్యకండి.

ఎవరిని లెక్కలో చూపించకూడదు

ఎఫ్-1 వీసా మీదున్న విద్యార్థులు ప్రభుత్వ డబ్బుతో నడిచే వయోజన విద్యలో చేరడానికి చట్టం ఒప్పుకోదు. చేరితే వాళ్ల వీసాకే ముప్పు. విజిటర్ వీసా మీద ఆరు నెలలకి వచ్చిన అమ్మానాన్నలని లైబ్రరీలో వాలంటీర్లు నడిపే సంభాషణ బృందానికి పంపండి, గ్రాంటు రిజిస్టరులో రాయకండి. హెచ్-4 వాళ్ల సంగతి జాగ్రత్తగా చూడాలి. 2025 జూలైలో విద్యాశాఖ ఈ కార్యక్రమాలని సమాఖ్య ప్రజా ప్రయోజనాల కిందికి తెచ్చే కొత్త వివరణ ఇచ్చింది, కొన్ని రాష్ట్రాలు దాని మీద కోర్టుకి వెళ్లాయి. మీ రాష్ట్రంలో ఈ రోజున ఏ నియమం అమల్లో ఉందో రాష్ట్ర కార్యాలయాన్ని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి. ఆ జవాబు వచ్చాకే దరఖాస్తులో విద్యార్థుల సంఖ్య రాయండి.

దరఖాస్తు, నెలల వారీగా

కార్యక్రమ సంవత్సరం జూలై 1 నుంచి జూన్ 30. రాష్ట్రాల పోటీ ఏటా రాదు, కొన్నేళ్లకోసారి వస్తుంది. ఈసారి తప్పితే మళ్లీ ఎప్పుడో రాష్ట్ర కార్యాలయం చెబుతుంది, ఇవాళే అడగండి.

పోటీకి ఆరు నెలల ముందు: 501(సి)(3) (లాభాపేక్ష లేని సంస్థ అన్న) కాగితాలు, సమాఖ్య నమోదు వెబ్‌సైటు సామ్ డాట్ గవ్‌లో సంస్థని గుర్తించే 12 అక్షరాల యూఈఐ నంబరు. భాగస్వామిగా చేరేవాళ్లకి నంబరు ఒక్కటే చాలవచ్చు, సమాఖ్య ప్రభుత్వానికి నేరుగా పెట్టేవాళ్లకి పూర్తి రిజిస్ట్రేషన్ కావాలి, ఏటా పునరుద్ధరించాలి. సంస్థ పేరు, చిరునామా ఐఆర్‌ఎస్ కాగితంలో ఒకలా, బ్యాంకులో ఇంకోలా ఉంటే వారాల తరబడి ఆగిపోతుంది. గుడి ట్రస్టు పేరు, సంఘం పేరు కలిసిపోయిన చోట ఇది తరచు జరుగుతుంది.

నాలుగు నెలల ముందు: స్థానిక వర్క్‌ఫోర్స్ బోర్డు ప్రణాళిక చదవండి. మీ దరఖాస్తుని ఆ బోర్డు కూడా తన ప్రణాళికతో సరిపోతోందో లేదో చూస్తుంది. ఆ ప్రణాళికలో ఆరోగ్య రంగం ప్రధానమైతే, మీరు ఐటీ శిక్షణ అని రాస్తే అక్కడే తేడా కొడుతుంది.

రెండు నెలల ముందు: చట్టం చెప్పిన 13 అంశాలకి జవాబులు రాయండి. ఇందులో ప్రాంత అవసరాలు, తక్కువ అక్షరాస్యత ఉన్నవాళ్లకి సేవ, బోధన వ్యవధి, తీవ్రత, పరిశోధన ఆధారం ఉన్న పద్ధతి, టీచర్ల అర్హతలు, పిల్లల సంరక్షణ, రవాణా లాంటి సౌకర్యాలు, డేటా వ్యవస్థ ఉంటాయి. రాష్ట్రం ఇచ్చిన శీర్షికలే వాడండి, వరస మార్చకండి. చదివేవాళ్లు మార్కుల పట్టిక పక్కన పెట్టుకుని చదువుతారు. తమకి కావలసిన జవాబు వేరే పేజీలో ఉంటే వెతకరు. అవసరం గురించి రాసేటప్పుడు జనాభా లెక్కల అమెరికన్ కమ్యూనిటీ సర్వేలో మీ కౌంటీలో ఇంగ్లీషు బాగా రానివాళ్ల సంఖ్య తీసుకోండి. తెలుగు మాట్లాడేవాళ్లందరి సంఖ్య పెడితే అందులో ఎక్కువమందికి ఇంగ్లీషు వచ్చు కదా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది.

సివిక్స్ పాఠ్యప్రణాళికలో కొత్త పరీక్ష ఉండాలి. 2025 అక్టోబరు 20, ఆ తర్వాత ఎన్-400 పెట్టినవాళ్లకి 128 ప్రశ్నల జాబితా నుంచి 20 దాకా అడుగుతారు, 12 సరిగ్గా చెప్పాలి. పాత పరీక్షలో 100 ప్రశ్నలు, 10 అడిగితే 6 చాలు. పాత అంకెలున్న పాఠ్యప్రణాళిక చూడగానే ఈ తరగతి ఆగిపోయి చాలా కాలమైందని చదివేవాళ్లు అనుకుంటారు. 55 ఏళ్లు దాటి 15 ఏళ్లు గ్రీన్ కార్డు మీద ఉన్నవాళ్లు, 50 దాటి 20 ఏళ్లున్నవాళ్లు ఇంగ్లీషు పరీక్ష లేకుండా సివిక్స్‌ని దుబాసీ సాయంతో తెలుగులోనే చెప్పవచ్చు. కానీ మన తల్లిదండ్రుల్లో చాలామంది అరవైలో వచ్చి, అయిదేళ్లకే సిటిజన్‌షిప్‌కి వెళతారు. వాళ్లకి ఈ మినహాయింపు అందదు, ఇంగ్లీషు తప్పదు. ఈ ఒక్క పేరా అవసరాన్ని ఎంత బలంగా చెబుతుందో ఏ అంకెల పట్టికా చెప్పలేదు.

మీ పరిస్థితి చూసి ఎంచుకోండి

తరగతిలో ఎక్కువమంది అరవై దాటిన గ్రీన్ కార్డు పెద్దవాళ్లైతే: మొదట రాష్ట్ర సిటిజన్‌షిప్ నిధి, కమ్యూనిటీ ఫౌండేషన్, లైబ్రరీ. పక్కన 231 ఉన్న సంస్థకి భాగస్వామిగా. 243 వద్దు.

ఉద్యోగం కావలసిన గ్రీన్ కార్డు మహిళలు, పొరుగు భాషలవాళ్లు కలిసి ఉండి, కమ్యూనిటీ కాలేజీ ఒప్పందం చేతిలో ఉంటే: 243, కాలేజీ ముందుండి, మీరు వెనకనుంచి. ఇరవై మందికి స్థాయి పరీక్ష పెట్టి చూశాకే.

ఫలితాల కాగితాలు, ఆడిట్, మూడు నెలల నగదు అన్నీ ఉన్న సంస్థ అయితే: 231కి సొంతంగా వెళ్లండి. రాష్ట్రం ఒకే ప్రకటనలో రెండు సెక్షన్లూ పెడితే, 243కి అవసరమైన శిక్షణ లేనప్పుడు దాని గడి ఖాళీగా వదిలెయ్యండి. రెండిటికీ రాసి రెండూ బలహీనం చేసుకోకండి.

ఏమీ లేక కొత్తగా మొదలుపెట్టేవాళ్లైతే: ఈ ఏడాది చిన్న ప్రైవేటు నిధి, ఒక్క తరగతి, రెండు పరీక్షలు, హాజరు పట్టిక.

దరఖాస్తు తిరస్కరిస్తే మార్కుల పత్రం, చదివినవాళ్ల వ్యాఖ్యలు ఇమ్మని వెంటనే అడగండి. అప్పీలు గడువు రాష్ట్ర ప్రకటనలోనే ఉంటుంది, తక్కువ రోజులే ఇస్తారు. అప్పీలు పెట్టకపోయినా ఆ వ్యాఖ్యలు తీసుకోండి. ఏ అంశంలో మార్కులు పోయాయో చూస్తే, ఈలోపు ఏ కాగితాలు పోగుచెయ్యాలో తెలుస్తుంది.